అవ్వ జోకొట్టిన బిడ్డ

దయ్యాలూ ఆత్మలూ అంటే ఎగతాళి చేసే మనిషిని నేను. మాది ఉదయగిరి. ఆదివారం చర్చికి పోతాం గానీ, ఇట్లాంటివి నమ్మింది మాత్రం లేదు.

తొంభైల్లో హైదరాబాదులో ఒక ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేసేదాన్ని. మనిషి కణాలను ప్లాస్టిక్ సీసాల్లో పెంచి, వాటిలోకి కొత్త జన్యువు ఎక్కించేవాళ్లం. అప్పుడు కణం పైన రిసెప్టర్ తయారవుతుంది, అంటే మందు వచ్చి అతుక్కునే చోటు. ఏ మందు ఎట్లా పనిచేస్తుందో దాని మీద చూసేదాన్ని.

ఆ కణాల మూలం, ఎప్పుడో విదేశంలో పుట్టకుండానే పోయిన ఒక బిడ్డ కిడ్నీ. బిడ్డ లేదు, కణాలు పెరుగుతూనే ఉన్నాయి. ఇంట్లో ఎవరికీ ఇది చెప్పలేదు. మందుల పరిశోధన అన్నానంతే.

ఎండాకాలం ఇంటికొచ్చినాను. మధ్యాహ్నం వడగాలి కొడతా ఉంది. చూపు పోయిన మా అవ్వ మంచం మీద ఉంటే, పక్కన కూర్చున్నాను. నా ఒళ్లో చెయ్యి పెట్టి తడిమింది.

"ఎవరి బిడ్డమ్మే ఇది? సలికి ఒణికిపోతా ఉండాది."

"బిడ్డేందవ్వా? నేనొక్కదాన్నే ఉండా."

"అంత ఏడస్తా ఉంటే ఇనపళ్లా నీకు?" అని కొంగు తీసి నా ఒళ్లో కప్పి, జోకొట్టడం మొదలుపెట్టింది.

వంటింట్లోంచి అమ్మ విన్నది. నాకు పెళ్లి కాలేదు. లోపలికి లాక్కుపోయి తలుపేసింది. "నిజం చెప్పు. ఏం చేసినావు హైదరాబాదులో?" బైబిల్ మీద ఒట్టేస్తే గానీ నమ్మలేదు. బయటికొచ్చేసరికి అవ్వ ఇంకా ఖాళీ కొంగును జోకొడతానే ఉంది.

మరుసటి రోజు ఎస్టీడీ బూత్ నుంచి ల్యాబ్‌లో స్నేహితురాలికి ఫోన్ చేసినాను. కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ ముందురోజు చెడిపోయిందంట. ఏసీ గదిలో నా సీసాలన్నీ చల్లబడి, అడుగుకు అతుక్కుని పెరిగే కణాలు ఊడి తేలిపోయినాయంట.

బూత్‌లో ఉడికిపోతున్నా చున్నీ భుజాల చుట్టూ కప్పుకున్నాను.

హైదరాబాదుకు తిరిగిపోయే రోజు ఉండబట్టలేక అవ్వను అడిగినాను. "ఇంకా ఏడస్తా ఉండాదా?"

"లేదమ్మే. నీ ఎంటే వస్తా ఉండాది గదా, ఇంకెందుకు ఏడస్తాది?"

ఆ బస్సు ప్రయాణమంతా పక్క సీటు వైపు తల తిప్పలేదు.

ల్యాబ్‌లో ముందే గడ్డకట్టించి దాచిన కణాలను మళ్లీ పెంచి పని పూర్తి చేసినాను. అవ్వ ఆ ఏడే పోయింది. ఆమెకు ఏం వినపడిందో, ఎట్లా వినపడిందో ఈరోజుకీ చెప్పలేను. ఆ తర్వాత ల్యాబ్‌లో ఉన్నన్నాళ్లూ ఆ సీసాలను ఒంటి చేత్తో ఎత్తింది లేదు.