స్టీరింగు బాక్సు మీద ఎర్ర గీతలు

ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనుషులు ఉంటారు. జీపక్క ఆవులించక ముందే లెక్కపెట్టేసేది. కూరగాయలు తూస్తుంటే వంగి తక్కెడ అడుగున వేళ్ళతో తడిమేది. పాలవాడు గేటు దగ్గర దగ్గితే, ఎందుకు దగ్గాడా అని అరగంట బుర్ర బద్దలు కొట్టుకునేది. వీధిలో వాళ్ళు ఆవిడకి 'భూతద్దం' అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టిందెవరో ఆరా తీసి, తేలక, ముగ్గురితో మాటలు మానేసింది.

పుట్టుకతోనే ఇంత అనుమానం మనిషి కాదు, పాపం. ఆ పుణ్యం కట్టుకున్నది ఒక పాత జీపు. పెళ్ళైన కొత్తలో మొగుడు కొనుక్కొచ్చాడు. ఆయన దర్జీ, ఎవరేం చెప్పినా తలూపే సాధుజీవి. కొండ మీద ఇళ్ళకి బస్సు ఎక్కదు, అంతా రాళ్ళ దారి. నాలుగు చక్రాలూ లాగే బండి ఉంటే బతుకుతెరువుకి లోటుండదని ఆయన లెక్క. నెల తిరక్కుండానే గేర్‌బాక్సులో గరగరలు మొదలయ్యాయి. విప్పితే ఏముందీ, గుప్పెళ్ళకొద్దీ రంపపు పొట్టు! అరిగిపోయిన పళ్ళ మోత వినపడకుండా అమ్మినవాడు కూరి పంపాడు. మొగుడు మాత్రం "పోనీలేవే, వాడికేం ఇబ్బంది వచ్చిందో" అన్నాడు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఆ రోజే డ్రైవింగు నేర్చుకుంటానని పట్టుబట్టింది. పదిహేనేళ్ళుగా కొండ మీది పిల్లల్ని బడికి దించడం, మళ్ళీ ఇళ్ళకి చేర్చడం ఆవిడ పనే.

లోకాన్నంతా నమ్మకపోయినా తమ్ముణ్ణి నమ్ముతుందని అందరూ అనుకునేవారు. తల్లి పోయేనాటికి వాడికి ఆరేళ్ళు, చంకనేసుకుని పెంచింది. పెరిగి మెకానిక్కై, కొండ దిగువన షెడ్డు పెట్టాడు. జీపు రిపేర్లన్నీ వాడివే, వాడి మధ్యాహ్నం భోజనం అక్క ఇంట్లోనే. చూసేవాళ్ళకి ముచ్చటేసేది.

ఇలా ఉండగా జీపు స్టీరింగు ఎడమకి తిప్పితే 'టక్' మనడం మొదలుపెట్టింది. కొండ మలుపు తిరిగిన ప్రతిసారీ టక్, టక్. వెనక కూర్చున్న పిల్లలు ఆ చప్పుడుకి తాళం వేయడం కూడా నేర్చుకున్నారు.

తమ్ముడు చూశాడు. బండి కదలకుండా నిలబెట్టి, అక్కని స్టీరింగు చక్రం తిప్పమని, తను కింద దూరి ఒక్కొక్క కీలు మీదా చెయ్యి వేసి చూశాడు.

"యాక్సిల్ జాయింటైతే బండి నడిస్తేనే కొడుతుందక్కా. ఇది నిలబెట్టి తిప్పినా కొడుతోంది. స్టీరింగు రాడ్డు చివర గుండు అరిగింది, మార్చేస్తా" అన్నాడు.

మార్చాడు. రెండు రోజులు తగ్గినట్టే తగ్గి, మూడో రోజు పెద్ద మలుపులో మళ్ళీ టక్ మంది. ఈసారి ఇంకా గట్టిగా.

అంతే, ఆవిడ బుర్రలో పురుగు దొలవడం మొదలైంది. కొత్త సామానైతే మూడు రోజులకే ఎందుకు మోగుతుంది? ఎవడి బండిదో పాతది కడిగి, నల్లరంగు పూసి తగిలించాడా? ఆ మధ్య వాడు అన్నం తింటూ తల ఎత్తలేదెందుకు? రాత్రి మొగుడితో అంటే "వాడు నీ తమ్ముడే" అన్నాడాయన, దారం సూదిలోకి ఎక్కిస్తూ. "తమ్ముడైతే? మెకానిక్కు కాదా?" అంది.

మర్నాడు పిల్లల్ని బడి దగ్గర దించేసి, చెట్టు కింద బండి ఆపి, గోనెపట్టా పరుచుకుని జీపు కిందకి దూరింది. ఆవిడకో రహస్యం ఉంది, మొగుడికి కూడా తెలియదు. బండి షెడ్డుకి పంపే ముందు, వచ్చిన తర్వాత, గోళ్ళ రంగు సీసా పట్టుకుని కిందకి దూరేది. విప్పితే తెలియాలని బోల్టు తల మీంచి పక్క ఇనుము దాకా సన్నగా ఒక ఎర్ర గీత. ఏడేళ్ళుగా ఇదే పని! రాడ్డు మార్చాక మాత్రం, చప్పుడు తగ్గిందన్న సంబరంలో ఇంకా చూసుకోలేదు.

టార్చి వేసి వెతికింది. చక్రం తిప్పుడుని టైర్లకి అందించే స్టీరింగు బాక్సుని బండి చట్రానికి, అదే ఛాసిస్‌కి, పట్టి ఉంచే బోల్టులు నాలుగు. రెండింటి మీద గీత విరిగిపోయింది: బోల్టు మీది ముక్క ఒకవైపు, ఇనుము మీది ముక్క ఇంకోవైపు. మూడోదాని మీద ఏమీ కనపడలేదు, బురద. నాలుగోదాన్ని చూసే ఓపిక కూడా లేకపోయింది. అంటే విప్పాడు! రాడ్డు మారుస్తానని చెప్పి, మంచి బాక్సు లాగేసుకుని పాతది బిగించాడు! నా చేతి అన్నం తిని నా చెవిలోనే పువ్వు పెట్టాడు!

షెడ్డు ముందు బ్రేకు వేసిన తీరుకే అక్కడున్న నలుగురూ తిరిగి చూశారు.

"బాక్సు ఎక్కడ పెట్టావురా?"

"ఏ బాక్సక్కా?"

"ఏమీ ఎరగనట్టు మాట్లాడకు. నా బండి స్టీరింగు బాక్సు! తల్లి లేనివాడివని పెంచితే, నా ఇంటికే కన్నం వేస్తావా, దొంగ వెధవా?"

నలుగురిలో పరువు బజారున పడేసింది. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. వాడు బల్ల మీది లైటు అందుకుని జీపు కిందకి దూరాడు. ఆవిడ వదిలిపెడుతుందా? వెనకే దూరింది. గీతలు వేలితో చూపించింది, ఎందుకు గీసిందో కూడా చెప్పింది.

వాడు లైటు దగ్గరికి జరిపి ఒక్కో గీతనీ వేలితో తడిమాడు.

"పానా పెట్టి ఉంటే బోల్టు తల మీది రంగు పెచ్చులు లేచిపోయేదక్కా. చూడు, చెక్కు చెదరలేదు. వీటిని ఎవరూ విప్పలేదు. బండి కుదుపుకి వాటంతటవే తిరిగాయి."

మూడోదాని మీది బురద గీకాడు. అక్కడ బోల్టు తలే లేదు, తెగి ఎక్కడో పడిపోయింది. పైకి కేకేసి ఎవర్నో చక్రం తిప్పమన్నాడు. ఇద్దరి కళ్ళ ముందే బాక్సు మొత్తం పక్కకి జరిగి, టక్ మంది. దాన్ని పట్టుకుని ఉన్నది నాలుగో బోల్టు ఒక్కటే.

 ఆ పొద్దున్నే ఆవిడ పన్నెండు మంది పిల్లలతో ఆ మలుపులన్నీ దిగి వచ్చింది. మళ్ళీ సాయంత్రం వాళ్ళనే ఎక్కించుకోవాలి.

"ఈ గీతలు ఎప్పట్నుంచి గీస్తున్నావు?" అన్నాడు తమ్ముడు.

"ఏడేళ్ళు" అంది.

"నేను కంపెనీ వాళ్ళు పెట్టిన గుర్తులనుకున్నానక్కా. చెరిగిపోకూడదేమోనని ఎప్పుడు కింద పనిచేసినా గుడ్డ తగలకుండా తుడిచేవాణ్ణి."

ఏం చెప్పమంటారు! తల కొట్టేసినట్టయింది ఆవిడకి. ఏడేళ్ళుగా తన అనుమానాన్ని వాడే జాగ్రత్తగా కాపాడుతూ వచ్చాడు. "తప్పైపోయిందిరా" అంది. పదిహేనేళ్ళలో ఎవరితోనూ అనని మాట అది. వాడు వినిపించుకోనట్టే పానాల కోసం బయటికి పాక్కుంటూ వెళ్ళిపోయాడు.

కొత్త బోల్టులు తెచ్చాడు. ఛాసిస్ రుద్ది, పగుళ్ళు ఉన్నాయేమోనని తడిమి చూశాడు. ఆవిడ ఎప్పుడూ నెత్తిమీద నిలబడి చూసే మనిషి. ఈసారి రోడ్డు మీదకి పోయి షెడ్డుకి వీపు తిప్పి నిలబడింది. లోపల పానా కిర్రుమన్నప్పుడల్లా మెడ తిప్పి చూడాలని ప్రాణం కొట్టుకుంది. తిప్పలేదు.

"అక్కా, వచ్చి చూసుకో."

"అక్కర్లేదురా. నువ్వు బిగించావుగా, చాలు."

వాడికి అప్పుడొచ్చింది కోపం. అందాకా ఎక్కడ దాచుకున్నాడో! "నేను బిగించినవే కదే ఇప్పుడు ఊడినవి! మూడేళ్ళ కిందట ఈ బోల్టులు చివరిసారి బిగించింది నేనే. మొన్న రాడ్డు అరిగిందని కనిపెట్టేశానని మురిసిపోయి, పక్కనున్న బాక్సు మీద చెయ్యి వెయ్యలేదు. దూరు జీపు కిందకి!"

దూరింది. ఇద్దరూ పక్కపక్కనే వెల్లకిలా పడుకున్నారు. పానా అక్క చేతిలో పెట్టాడు. ఒక బోల్టు లాగి చూసింది, కదల్లేదు. రెండోది, మూడోది కూడా చూసింది. నాలుగోదాని దగ్గర పానా దించేసింది.

"దీన్ని నీ మీద నమ్మకానికి వదిలేస్తున్నా" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

"నా మీద నాకే లేదు ఇవాళ. అదీ చూడు."

"ఇంకా కోపంగా ఉన్నావా?"

"ఉన్నాను. ఇవాళ భోజనానికి రాను, రేపూ రాను. ఎల్లుండి సంగతి తెలీదు. నా కోపం వేరు, బోల్టు వేరు. చూడక్కా."

ఆవిడ పానా ఎత్తి, నాలుగో బోల్టుకి తగిలించి, రెండు చేతులతో లాగి చూసింది.