పదో తరగతి చదివిన వేలిముద్ర

యిర్మియా పదో తరగతి సెకండ్ క్లాసులో పాసయ్యాడు. ఈ సంగతి గోదావరిఖనిలో ఇద్దరికే తెలుసని అతని నమ్మకం: అతనికి, అతని భార్య లిడియాకు. బొగ్గుగనుల కంపెనీ కాగితాల్లో మాత్రం అతను చదువు రాని మనిషి. సంతకం ఉండాల్సిన చోట బొటనవేలి నిశాని ఉంది.

అది ఎనభై ఒకటో సంవత్సరం మాట. బాయిలో, అంటే గనిలో, బొగ్గు నింపడానికి మనుషులను తీసుకుంటున్నారని తెలిసిన రోజే ఒక పుకారు కూడా లేచింది. చదువుకున్నవాడు పని చెయ్యడని పంపించేస్తారట, అరచేతులు చూసి మరీ తీసుకుంటారట. నిజమా అబద్ధమా అని ఎవరూ ఆరా తియ్యలేదు. ఇంట్లో పిల్లలు ఆకలి మీదున్నవాడికి ఆరా తీసే ఓపిక ఎక్కడిది? యిర్మియా నెల రోజులు చేదబావి మోకు పట్టుకుని, వాడంతటికీ నీళ్లు తోడి, అరచేతులు కాయలు కాయించుకున్నాడు. సంతకం పెట్టమంటే బొటనవేలు చూపించాడు. ఉద్యోగం వచ్చింది. సర్టిఫికెట్ ట్రంకుపెట్టె అడుగుకు పోయింది.

ఆరేళ్లు తట్ట పట్టుకుని, బొగ్గెత్తే పార పట్టుకుని గడిచిపోయాయి. ఆ పారను అక్కడివాళ్లు చెమ్మస్ అంటారు. ఎనభై ఏడు ఎండాకాలంలో అతని పక్కనే పనిచేసే సదయ్య మీద పైకప్పు బండ విరిగిపడి, మోకాలి కింద కాలు పోయింది. ఆ రోజు నుంచి లిడియాకు కంటి మీద కునుకు లేదు. అలాంటప్పుడే నోటీసు బోర్డు మీద కాగితం పడింది. ఆరు క్లర్కు పోస్టులు. పదో తరగతి పాసై, ఐదేళ్ల సర్వీసు ఉన్న కార్మికులకు ఇంటర్వ్యూ.

"దరఖాస్తు పెట్టు. నువ్వు పైకి రావాలె," అంది లిడియా.

"నిశాని పెట్టినోన్ని. ఏ మొఖంతోని పెడుత?" అన్నాడు యిర్మియా.

దానికి మందు నర్సింగం దగ్గర ఉందన్నారు. నర్సింగానికి డ్యూటీ పేరుకే. ఒక స్కూటరు, ఒక నల్ల కళ్లద్దాల జత పెట్టుకుని ఆఫీసర్ల వరండాల్లో పైరవీలు చేస్తుంటాడు. అతను అంతా విని నవ్వాడు.

"పాత బుక్కులు దుమ్ముల పడి ఉంటయి తమ్మీ, ఎవ్వడు తియ్యడు. నేనున్న గద. నువ్వు మాత్రం జర మనిషి లెక్క కనబడాలె. తెల్లంగి తొడుగు. ఆఫీసోళ్లకు నమస్తే పెట్టు. ఆ ల్యాంప్ రూం బెంచి మీద కూసొని చాయ్ తాగుడు బంద్ చెయ్యి."

ల్యాంప్ రూం అంటే బద్రుద్దీన్. బాయిలోకి దిగే ప్రతివాడూ కిటికీలో తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఇచ్చి, నెత్తికి కట్టుకునే దీపం ఆయన చేతి నుంచే తీసుకోవాలి. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకోవాలి. ఆరేళ్లుగా షిఫ్టు దిగాక ఆయన బెంచి మీద కూర్చుని, బాబాయ్ వరసలో చిచ్చా అని పిలుస్తూ, ఆయన చాయ్‌లో సగం తాగినవాడు యిర్మియా. నర్సింగం మాట వేదవాక్కనుకుని, మర్నాటి నుంచి బిళ్ల బల్ల మీద పడేసి, దీపం లాక్కుని, తల తిప్పుకుని పోవడం మొదలుపెట్టాడు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూశాం. ఇతను ఇంకా ఏట్లో ఉండగానే తగలేశాడు.

లిడియా రెండేళ్లుగా ప్రైమరీ స్కూలు టీచరు. రోజూ సాయంత్రం అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగేది. కాళ్లు ఊపితే కసిరేది. గోరువెచ్చని నీళ్లలో చేతులు నానబెట్టించి, కొబ్బరినూనె రాసి కాయలు మెత్తబరిచేది. కాటుకలా పేరుకున్న కంటి అంచుల బొగ్గును నూనెగుడ్డతో తుడిచేది. ఒకప్పుడు మోకుతో మొద్దు చేసుకున్న చేతులు ఇప్పుడు నూనెతో మెత్తగా కావాలి. నవ్వొచ్చే పనే కానీ ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

ఇంటర్వ్యూ రోజు యిర్మియా పొడుగు చేతుల తెల్లచొక్కా మణికట్టు దాకా గుండీలు పెట్టుకున్నాడు. బొగ్గు దిగి నీలంగా మారిన గాయాల మచ్చలు కనబడకూడదని. గేటు దగ్గర నర్సింగం భుజం తట్టాడు. "పో. నేను ఈడనే ఉంట."

లోపల పర్సనెల్ ఆఫీసరు అడిగినవాటికి తడబడకుండా జవాబు చెప్పాడు. ఇంగ్లీషులో సెలవుచీటీ రాయమంటే రాసి ఇచ్చాడు. ఆఫీసరు అది చదివి తలాడించి, పక్కనున్న కట్టలోంచి ఒక పాత పుస్తకం తీసి, ఒక పేజీ దగ్గర ఆగిపోయాడు.

"ఇది మీ సర్వీసు బుక్కేనా?"

పేజీ మధ్యలో ఊదారంగు నిశాని. యిర్మియాకు అబద్ధం ఇంకొకటి కలపడానికి మనసొప్పలేదు.

"నాదే సార్. ఆ రోజు చేతులు చూస్తరన్నరు. అందుకే చదువు దాచిన. పిల్లలు ఉపాసం ఉన్నరు సార్."

ఆఫీసరు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "చదువు దాచడం ఒక ఎత్తు. అసలు ఆ నిశాని పెట్టింది మీరేనా? ఒకరి పేరు మీద ఇంకొకరు పనిచేస్తున్నారని చాలా చోట్ల వింటున్నాం." సిరా పెట్టె ముందుకు తోశాడు. "వేలు పెట్టండి."

యిర్మియా వేలు అద్దాడు. కాగితం మీద ఒక మరక పడింది. గీతలు లేవు. మళ్లీ అద్దాడు. మళ్లీ మరకే. ఆరేళ్ల చెమ్మస్ కర్ర ఆ వేలి గీతలను అరగదీసి పెట్టింది. ఇప్పుడు క్లర్కు ఉద్యోగం సంగతి దేవుడెరుగు, ఉన్న ఉద్యోగమే పోయేలా ఉంది. తన పేరుకు తానే దొంగ అయ్యాడు.

"మొదటి రోజు నుంచి మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"నర్సింగమన్న గేటు కాడ ఉన్నడు సార్."

అటెండరు వెళ్లి వచ్చాడు. గేటు దగ్గర నర్సింగమూ లేడు, అతని స్కూటరూ లేదు.

యిర్మియాకు ఇంకొక్క పేరే గుర్తొచ్చింది. అది నోటి నుంచి తేవడానికి సిగ్గుతో చచ్చిపోయాడు. "ల్యాంప్ రూంల బద్రుద్దీన్ చిచ్చ ఉన్నడు సార్."

ఫోన్ చేశారు. జీపు పోయింది. ఆ అరగంట యిర్మియా వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. రెండు నెలలుగా తిప్పుకుని పోయిన తల ఇప్పుడు ఎత్తలేకపోయాడు. బద్రుద్దీన్ జీపు దిగి, అతని వైపు చూడకుండా లోపలికి పోయాడు. వెనకే అతన్నీ పిలిచారు.

"ఈయనకు చదువొచ్చా?" ఆఫీసరు ముందూ వెనకా చెప్పకుండా సూటిగా అడిగాడు.

రాదంటే, ఇంగ్లీషులో చీటీ రాసినవాడు వేరే మనిషని తేలుతుంది. బద్రుద్దీన్ కోపంతో రాదన్నా యిర్మియా మునిగినట్టే. తనను కాపాడాలని రాదన్నా మునిగినట్టే. బద్రుద్దీన్ అప్పుడు మొదటిసారి యిర్మియా వైపు తిరిగాడు.

"చెప్పాల్నా, బేటా?"

"చెప్పు చిచ్చా."

"వస్తది సాబ్. మొదటి రోజే తెలుసు. దీపం ఇచ్చిన. అందరు గుంజుకొని ఉరుకుతరు. గోడకు జాగ్రత్తల బోర్డు ఉంటది, దాని దిక్కు ఎవ్వడు సూడడు. గీ పోరడు దాని ముందల నిలబడ్డడు. పెదవులు మెల్లగ కదులుతున్నయి. ఆఖరుదాక సదివి నన్ను సూసిండు, బెదిరి తల దించుకున్నడు. నాకు సదువు రాదు గని సదివేటోని పెదవులు ఎరుక."

"మరి ఆరేళ్లు ఎవరికీ చెప్పలేదేం?"

"ఎవరు అడగలే సాబ్. ఆని కూడు ఆనిది."

ఆఫీసరు సాక్ష్యం రాసి బద్రుద్దీన్ ముందు పెట్టాడు. బద్రుద్దీన్ వేలిముద్ర గీత గీతా తేటగా పడింది.

బయటికి వచ్చాక యిర్మియా ఆయన చేతులు పట్టుకున్నాడు. "తప్పయింది చిచ్చా. మాఫ్ చెయ్యి."

"చాయ్ తాగకుంటే నాకేం ఫికర్ లేదురా," అన్నాడు బద్రుద్దీన్. "బిళ్ల పారేసి మొఖం తిప్పుకొని పోతవ్ సూడు, గదే నాకు తక్లీఫ్. నేను నంబరు సూసి దీపం ఇయ్య. మొఖం సూసి ఇస్త. షిఫ్టు దిగినంక గా మొఖం మళ్ల కనబడాలె. సదయ్య దీపం రానినాడు కిటికీ కాడికెల్లి లేవలే నేను. రెండు నెల్ల సంది నీ మొఖం సూడకుంటనే నిన్ను బాయిలకు తోలుతున్న."

యిర్మియా అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. తెల్లచొక్కా చేతులతోనే కళ్లు తుడుచుకున్నాడు.

పదిహేడు రోజులకు జాబితా వచ్చింది. అందులో అతని పేరు నాలుగోది. క్లర్కుకు దీపంతో పని లేదు, బిళ్లతో పని లేదు. అయినా బద్రుద్దీన్ రిటైరైన తొంభై నాలుగు దాకా, యిర్మియా పొద్దున ఆఫీసుకు పోయే ముందు ల్యాంప్ రూం కిటికీ దగ్గర ఆగి ముఖం చూపించేవాడు. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు మళ్లీ చూపించేవాడు.