వెనక బెంచీ వదిన

మా వదిన పోయిందన్న కబురు అందేసరికి నేను సూర్యాపేట బస్టాండులో మిర్యాలగూడ బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఆ బస్సు రాకపోకల మీద నాలుగు పేజీలు రాయగలను గానీ, వదిన ఉంటే "నీ సోది ఖతం చెయ్ మర్దీ" అనేది.

ఆమె అల్లుడు బీహారువాడు. మిర్యాలగూడ రైస్‌మిల్లులో పనికి వచ్చి మా అన్న కూతుర్ని పెళ్లి చేసుకున్నాడు. వాళ్ల పిల్ల ఇక్కడే పుట్టింది. అయినా బడిలో పిల్లలు "ఏయ్ బీహారీ, మీ ఊరికి పో" అన్నారు. దాని ఊరు ఇదే మరి, ఎక్కడికి పోవాలి? తర్వాత జుట్టు పట్టి గుంజారు. ఒకనాడు గోడకు నెడితే నొసలు చిట్లింది. పిల్ల మాట మానేసింది, తిండి మానేసింది, గోడవైపు తిరిగి పడుకుంది.

"పిల్లల ఆటలమ్మా" అన్నాడు హెడ్మాస్టరు. చుట్టాలు దిష్టి తీయమన్నారు. కోదాడలో ఉండే మా అక్క "హాస్టల్లో వేస్తే సరిపోద్ది కదా" అంది. దెబ్బలు తిన్నదాన్నే ఊరు దాటించాలట! ఈ తెలివి మనకు ఎక్కడినుంచి వస్తుందో!

వదిన పిల్లను దవాఖానకు తీసుకుపోయింది. డిప్రెషన్ అన్నాడు డాక్టరు. మందులిచ్చి, ఒంటరిగా వదలొద్దన్నాడు. మర్నాడే ఆమె మనవరాలితో పోయి వెనక బెంచీలో కూర్చుంది.

"ఇది బడమ్మా, మీరు కూర్చోకూడదు" అన్నాడు హెడ్మాస్టరు.

"నేను సదువుకోలే సారూ, ఇప్పుడు సదువుకుంట. నా మనవరాలిని కొడుతుంటే సూసుకుంట కూసున్నరు గద, గట్లనే కూసోండ్రి."

పిల్లకు వాళ్ల నాన్న బీహారు తీరున చేసిచ్చిన సత్తుపిండి రొట్టెను చూసి తోటిపిల్లలు ముక్కు మూసుకుంటే, వదిన కట్టుడుపళ్లతో తీరిగ్గా నమిలి, "జర తొక్కు ఉంటే మస్తుగుండు. ఎవరు తెచ్చిన్రే?" అని అడిగేది. ముందుగా తన డబ్బాలోని పచ్చడి పెట్టింది ఆ జుట్టు గుంజిన పిల్లే. భయానికి పెట్టిందో, సిగ్గుకు పెట్టిందో.

మనవరాలు తినసాగింది. బడిలో మాట మాత్రం రాలేదు. "రానియ్యి, తొందరేంది? నేనేమన్న యాడికన్న పోతున్ననా?" అనేది వదిన.

పోయింది. ఆమె మీద నా కోపం అదే. గుండెజబ్బు మనిషి బడిలో కాపలా కూర్చోవలసి వచ్చినందుకు మిగతా అందరి మీదా.

దినాలయ్యాక పిల్ల బడికి పోతుందని ఎవరమూ అనుకోలేదు. తనే సంచి తగిలించుకుంది. తోడు నేను పోయాను. లోపల కూర్చునే దమ్ము నాకెక్కడిది? కిటికీ దగ్గర నిలబడ్డాను. అన్నం వేళ పిల్ల డబ్బా తెరిచి, చాలాసేపు రొట్టెను చూసింది.

"తొక్కు... ఎవరు తెచ్చిన్రే?"

గొంతు నాకే సరిగా వినబడలేదు. కానీ పక్కన వదిన కూర్చునే ఖాళీ జాగా మీదుగా ఒక స్టీలు డబ్బా మెల్లగా జరుగుతూ వచ్చింది.