అనసూయక్క పాలబండి, నా చేతి తప్పు

రెండు వేల ఇరవై మూడు, మే నెల. సైదాబాద్‌లో నా కార్ల షెడ్డు. పెద్దదేమీ కాదు, రెండు బండ్లు లోపల నిలబడితే మూడోది రోడ్డు మీద ఉండాల్సిందే. అప్పటికి ఈ పనిలో ఇరవై రెండేళ్లు. ఇంజన్ చప్పుడు వింటే చాలు, జబ్బేమిటో నర్సింగ్ చెప్పేస్తాడని బస్తీలో పేరు. ఆ పేరంటే నాకు కాస్త ఎక్కువే మోజు. బాగుచేసిన బండ్ల గురించి మెకానిక్‌లు అడగకపోయినా చెబుతారు. నేను మాత్రం చెడగొట్టిన బండి గురించి చెబుతాను.

ఆ బండి అనసూయక్కది. మా షెడ్డుకు రెండు వీధుల అవతల వాళ్లకు పది బర్రెలున్నాయి. బర్రెలను భర్త చూసుకుంటాడు, వ్యాను ఆమె నడుపుతుంది. తెల్లవారగానే పాల క్యాన్లు వేసుకుని పత్తర్‌గట్టి వైపు మూడు చాయ్ హోటళ్లకు పోసి వస్తుంది. తిరుగు ప్రయాణంలో అదే వ్యానులో పొట్టు బస్తాలు తెచ్చుకుంటుంది. ఆ మూడు హోటళ్లే ఆ ఇంటికి ఆధారం.

"తమ్మీ, బండి మస్తు వేడెక్కుతున్నది. జర చూడు" అంటూ ఒకరోజు వచ్చింది.

నేను బానెట్ కూడా సరిగ్గా ఎత్తలేదు, థర్మోస్టాట్ వాల్వ్ బిగుసుకుందని తేల్చేశాను. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపి, వేడెక్కాక దారి వదిలే చిన్న వాల్వ్ అది. మన ఎండలకు ఇంజన్‌ను వెచ్చబెట్టే సామాను దేనికని, బండి వేడెక్కితే దాన్ని పీకి పక్కన పెట్టడం మా పాతబస్తీ మెకానిక్‌లకు ఏళ్ల నాటి అలవాటు. నేనూ అదే చేశాను. అరగంటలో పని అయిపోయింది.

"ఇగ ఫికర్ చెయ్యకక్కా" అని ధీమాగా పంపించాను.

మూడో రోజు పొద్దున్నే ఫోన్. పత్తర్‌గట్టి దాటకముందే బండి పొగలు కక్కుతూ ఆగిపోయిందట. ఆమె క్యాన్లను ఆటోలోకి మార్పించి హోటళ్లకు చేర్చేలోపు ఒక క్యాను పాలు విరిగిపోయాయి. బండిని తాడు కట్టి లాక్కొచ్చారు. డిప్ స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పాలు కలిపిన చాయ్ రంగులో ఉంది. అంటే హెడ్ గాస్కెట్ పోయింది. ఇంజన్ పైభాగానికీ కిందిభాగానికీ మధ్య ఉండే ఆ పలక కాలిపోతే నీళ్లూ ఆయిలూ కలిసిపోతాయి.

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. నా నోటి నుంచి మొదట వచ్చిన మాట ఇది: "నీళ్లు చూస్కోలేదా అక్కా?"

"పొద్దుగాల బర్లకు నీళ్లు పెట్టినంక బండికి చూస్త. బర్లకన్న ఒకనాడు మర్సిపోయిన గని బండికి మర్వలే" అంది. గొంతు పెంచలేదు. "హోటలాయన ఏమన్నడో తెల్సా? ఇంకోపారి గిట్లయితే పాకెట్ పాలు తీస్కుంటనన్నడు. ఆయన ఇడ్సిపెడ్తె మిగిలిన ఇద్దరు గుడ ఇడ్సిపెడ్తరు. అప్పుడు బర్లను అమ్ముకునుడే."

నేను ఇంకా ఏవో సాకులు వెతుకుతూనే ఉన్నాను. ఆమె వినకుండా వెళ్లిపోయింది. బండిని వేరే షెడ్డుకు తీసుకుపోతుందేమో, నా పరువు గంగలో కలుస్తుందేమో అని నా భయం. గంట తర్వాత ఆటోలో తిరిగొచ్చింది. ఆటోలోంచి మెల్లగా దిగింది ఖలీల్ ఉస్తాద్. నాకు పని నేర్పిన గురువు. చేతులు వణుకుతున్నాయని ఐదేళ్ల కిందటే స్పానర్ పక్కన పెట్టిన మనిషి.

"నీకు పని నేర్పిందెవరని అడిగి తెల్సుకున్న. తోల్కొచ్చిన. నా ముంగట విప్పుండ్రి" అంది అనసూయక్క.

ఉస్తాద్ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "వాల్వ్ ఏడవెట్టినవ్ రా?" అన్నాడు. డబ్బాలోంచి తీసిచ్చాను. పక్క చాయ్ దుకాణం నుంచి సలసల కాగే నీళ్లు తెప్పించి అందులో వేయించాడు. అందరం వంగి చూస్తుండగా వాల్వ్ చక్కగా నోరు తెరిచింది. దానికి ఏ జబ్బూ లేదు. తర్వాత ఉస్తాద్ చెప్పినట్టు రేడియేటర్ విప్పి చూస్తే, రేకుల సందుల్లో ఆమె తెచ్చే బస్తాల పొట్టు దట్టంగా కూరుకుపోయి ఉంది. గాలి ఆడక బండి వేడెక్కేది. పొట్టు దులిపితే పోయేదానికి నేను మంచి వాల్వ్ పీకేశాను. పైగా ఆ రకం ఇంజన్‌లో, రేడియేటర్ దారి తెరుస్తూనే ఇంజన్‌లోనే తిరిగే పక్కదారిని మూసేది కూడా ఆ వాల్వే. అది లేకపోయేసరికి సగం నీళ్లు చల్లారకుండా లోపలే తిరిగాయి.

ఉస్తాద్ అనసూయక్క వైపు తిరిగి, "గలతీ నాదమ్మా. వాల్వ్ తీసుడు వీనికి నేర్పింది నేనే. అప్పటి బండ్లకు నడ్సింది. ఇప్పటి ఇంజన్లకు నడ్వదని నేనే చెప్పాల్సుండె" అన్నాడు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. డెబ్భై దాటిన మనిషి నా తప్పును తన నెత్తిన వేసుకుంటున్నాడు. "నువ్ చూసి పని చెయ్యమని గుడ నేర్పినవ్ ఉస్తాద్, నేనే చూడలే. అక్కా, తప్పు నాది" అన్నాను. ఆ నాలుగు మాటలు పొద్దున అనాల్సినవి.

"తప్పెవలదైతేంది?" అంది ఆమె. "రేపు పొద్దుగాల నా పాలెట్ల పోవాలె? గది చెప్పు."

ఇంజన్ పైభాగమైన హెడ్‌ను లేత్ వర్క్‌షాపుకు పంపి ఫేసింగ్ చేయించాలి, అంటే వేడికి వంగిన లోహాన్ని మళ్లీ చదును చేయించాలి. నాలుగు రోజుల పని. ఆ నాలుగు రోజులు నా సొంత కారు వెనక సీటు పీకేసి, క్యాన్లు పెట్టుకుని, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని పాలు నేనే తీసుకెళ్లాను. దారి పొడుగునా ఆటపట్టింపే. "బ్రేకు మెల్లగ కొట్టు తమ్మీ, హోటల్‌కు పోయేవర్కు వెన్నయితది!" ఒక్కరోజు కూడా పాలు ఆలస్యం కాలేదు. కారులో పాల వాసన మాత్రం నెలకు పైనే ఉంది, మా ఆవిడ ముక్కు మూసుకునే ఎక్కేది.

రిపేరు తేడా వస్తే ఏం చెయ్యాలని అడిగేవాళ్లకు నేను అనసూయక్క చేసిందే చెబుతాను. కోపంలో బండిని ఇంకో షెడ్డుకు తోలొద్దు, అక్కడ విప్పితే ఎవరి తప్పో ఎప్పటికీ తేలదు. చేసినవాడి దగ్గరికే వెళ్లండి, పని తెలిసిన ఇంకొకరిని వెంట తీసుకెళ్లండి, మీ కళ్ల ముందే విప్పించండి, తీసిన సామాను చేతికి అడగండి. మెకానిక్‌లకు మాత్రం ఒక్కటే చెబుతాను. తిరిగొచ్చిన బండిని చూడగానే మనం అడగాల్సిన మొదటి ప్రశ్న మన చేతిని గురించే. నేను దాన్ని నలభై ఐదేళ్ల వయసులో, పెద్దాయన ముందు తలదించుకుని నేర్చుకున్నాను.

నేను పాలు మోసిన నాలుగో రోజు పొద్దున, పాకెట్ పాలు తీసుకుంటానన్న ఆ హోటలాయన గల్లా దగ్గర నుంచి నన్ను ఎగాదిగా చూశాడు. "క్యా అమ్మా, నీ బండి ఖరాబ్ చేసినోడు ఈయనేనా?" అని అడిగాడు.

నేను భుజం మీద క్యానును సర్దుకున్నాను. అనసూయక్క చీర కొంగుతో ముఖం తుడుచుకుంటూ, తాపీగా జవాబిచ్చింది.

"ఖరాబ్ జేసింది ఈయనే. మోస్తున్నది గుడ ఈయనే. మా మెకానిక్."