ముడి మింగేసిన మాట

సంచుల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ భూతద్దం పిన్ని అంటారు. మెడలో నల్లతాడుకి ఎప్పుడూ ఒక భూతద్దం వేలాడుతూ ఉంటుంది. పిన్ని పని చదవడం. పుస్తకాలు కాదు, సంచులు. మనుషులు గోడల మీద రాతలు చదువుతారు, లారీల వెనక రాతలు చదువుతారు, అవసరం పడితే మందుసీసా మీద చీమ తలకాయంత అక్షరాలూ చదువుతారు. సంచి మీద ఏముందో మాత్రం ఎవరికీ పట్టదు. ఆ పట్టనివాళ్ళందరి తరఫునా ఈవిడ పదకొండేళ్ళుగా ఒక్కతే చదువుతోంది.

అంతకుముందు ఒక పత్రికలో ప్రూఫులు దిద్దేది. పత్రిక మూతపడింది గానీ తప్పులు వెతికే కళ్ళు మూతపడలేదు. పెళ్ళి శుభలేఖ చేతికిస్తే ముందు తప్పు చూపించి, తరువాత శుభాకాంక్షలు చెప్పే మనిషి. అందుకని బంధువులు ఆమెకు ఫోన్‌లోనే పిలుపులు చెప్పడం మొదలుపెట్టారు.

ఆ ఫ్యాక్టరీ చేసేది కంపోస్ట్ సంచులు. చూపుకీ చేతికీ మామూలు ప్లాస్టిక్ సంచిలాగే ఉంటాయి గానీ, ఎరువు కేంద్రంలో వేడి కుప్పలో పడితే కొన్ని వారాలకు ఆనవాలు లేకుండా పోతాయి. చూపుకి తేడా తెలియదు గనకే వాటికి రూల్స్ వచ్చాయి. ‘కంపోస్ట్ అవుతుంది’ అన్న మాట ఇంత ఎత్తు అక్షరాల్లో ఉండాలి. పరీక్ష చేసినవాళ్ళ ముద్ర, లైసెన్స్ నంబరు, తయారుచేసినవాళ్ళ పేరు ఉండాలి. ‘ప్రకృతికి నేస్తం’ లాంటి తియ్యటి కబుర్లు కుదరవు. పిన్నికి ఇదంతా కంఠతా వచ్చు.

కొత్త డిజైను మిషనెక్కిన రోజున మొదటి సంచిని కోసి ఆమె బల్ల మీదికి తెస్తారు. ఆమె దాన్ని ముడత లేకుండా పరిచి, నాలుగు మూలలా నాలుగు ఇనపబిళ్ళలు పెట్టి చదువుతుంది. చదివి సంతకం చేసి, గోడ పొడవునా కట్టిన తీగకి క్లిప్పుతో తగిలిస్తుంది. అప్పటిదాకా మిషను కదలదు. ఆ తీగ మీద ఆమె సంతకాలు మూడు వందలకు పైనే ఉన్నాయి. ఒక్కటీ వెనక్కి రాలేదు.

ఆమె చెల్లెలు ఊరి చివర ఎరువు కేంద్రంలో పనిచేస్తుంది. కదిలే బెల్టు పక్కన నిలబడి, వచ్చే చెత్తలోంచి ప్లాస్టిక్‌ని ఏరి పక్కన పారేయాలి; మిగిలింది ఎరువు కుప్పలోకి పోతుంది. ఒక ఆదివారం చెల్లెలింట్లో కూరలు తరుగుతుండగా మాటల్లో మాటగా ఒక సంగతి బయటపడింది. పెద్ద ఆకుబొమ్మ ఉన్న పచ్చ సంచులు ఈమధ్య తెగ వస్తున్నాయనీ, అన్నిటినీ ప్లాస్టిక్‌లోకే విసిరేస్తున్నామనీ చెల్లెలు చెప్పింది. లోపలున్న తొక్కలూ వాటితోపాటే పోతాయట. ఆకుబొమ్మ సంచి పిన్ని సంతకం పెట్టినదే.

పిన్నికి ఒళ్ళు మండింది. చేతిసంచిలోంచి ఒక నమూనా తీసి, మూతి కింద వరుసగా ఉన్న అక్షరాల మీద వేలు పెట్టి చూపించింది. మీకు చదువు రాదా అన్నంత పనిచేసింది. చెల్లెలు కత్తి పక్కన పెట్టింది. ఆ సంచినే తీసుకుని, తరిగిన తొక్కలన్నీ అందులోకి తోసి, మూతి మెలిపెట్టి బిగించి ముడేసింది.

“ఇప్పుడు చదువు అక్కా.”

పొట్ట మీద ఆకు ఉంది. అక్షరాలు లేవు. ముడిలోకి వెళ్ళిపోయాయి.

“బెల్టు ఆగదుగా,” అంది చెల్లెలు. “ఒక్కోదానికి ముడి విప్పి చదువుతూ కూచుంటే, నా మీద నుంచి చెత్త పారుతుంది.”

పక్కగదిలోంచి మరిది, వదినగారు పదకొండేళ్ళకి మొదటిసారి తప్పులో దొరికారని ఒక మాట విసిరాడు. నవ్వేవాళ్ళు లేక టీవీ శబ్దం పెంచుకున్నాడు. పిన్ని ముడేసిన సంచిని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇన్నేళ్ళూ తాను సంచిని ఖాళీగానే చూసింది. నిండిన సంచిని ఒక్కనాడూ చదవలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె బల్ల మీద, ఆకుబొమ్మ సంచులు చేయించుకునే కొనుగోలుదారుదే, కొత్త సైజు సంచి పడుంది. అదే ఆకు, అవే అక్షరాలు, అదే చోటు. ఆమె సంతకం పెట్టలేదు. మిషను కదల్లేదు. మిషనాయన రెండుసార్లు తొంగిచూసి, మూడోసారి యజమానిని వెంటబెట్టుకొచ్చాడు. యజమాని పిన్ని కన్నా ఇరవయ్యేళ్ళు చిన్నవాడు. ఆమెను అక్కగారూ అంటాడు, కోపం వచ్చినా అంతే.

“రూల్లో ముడి గురించి ఉందా అక్కగారూ?”

“లేదు బాబూ.”

“అక్షరాల ఎత్తు?”

“సరిగ్గానే ఉంది.”

“మరి?”

“రూలు రాసినాయన కూడా నాలాగే ఖాళీ సంచి చూసి రాసుంటాడు.”

అతను తల పట్టుకున్నాడు. సంచి మీద బొమ్మా అక్షరాలూ అచ్చువేసే రబ్బరు బ్లాకు మళ్ళీ కోయించాలంటే నాలుగు రోజులు. పొట్ట మీది ఆకు కొనుగోలుదారుకి ప్రాణం. పైగా రూలు ప్రకారం తప్పే లేదు. ఈ సంతకం ఇంకెవరిచేతనైనా పెట్టించగలననీ అన్నాడు. బెదిరింపుగా కాదు, ఉన్నమాటగా. అది ఆమెకూ తెలుసు.

పిన్ని లేచింది. స్టూలెక్కి తీగ మీది సంచులు ఒక్కొక్కటే దించడం మొదలుపెట్టింది. ఒక్కోదాంట్లో చిత్తుకాగితం కుక్కి, ముడేసి, నేల మీద వరసగా పెట్టింది. మధ్యాహ్నానికి గదిలో కాలు పెట్టే చోటు లేదు. చదవడానికి వీలైనవి పంతొమ్మిది మిగిలాయి. అవైనా బొమ్మ చిన్నదవడం వల్ల మిగిలాయి గానీ ఎవరి తెలివివల్లా కాదు. భోజనం నుంచి వచ్చిన యజమాని గుమ్మంలోనే ఆగిపోయాడు. ఒక సంచి తీసి తిప్పితిప్పి చూశాడు. మూలన ఆమె సంతకం స్పష్టంగా కనిపిస్తోంది. మాట కనిపించడం లేదు.

“ఇవన్నీ నేను ఒప్పుకున్నవే బాబూ,” అంది పిన్ని. “తప్పు మిషనాయనది కాదు.”

అతను ఫోన్ తీసుకుని బయటికి వెళ్ళాడు. కొనుగోలుదారుతో బేరం రెండు రోజులు సాగింది. చివరికి ఆకు సగానికి చిక్కింది. మాట పొట్ట చుట్టూ నాలుగుచోట్ల పడింది, ఎటు దొర్లినా ఒకటి కనపడేలా. అప్పటికే బయటికెళ్ళిన సంచుల్ని ఎవరూ వెనక్కి తేలేదు, తేలేరు కూడా. అవి అయిపోయేదాకా చెల్లెలు వాటిని ప్లాస్టిక్‌లోకి విసురుతూనే ఉంది.

ఇప్పుడు పిన్ని బల్ల పక్కన ఒక డబ్బా నిండా చిత్తుకాగితం ఉంటుంది. మొదటి సంచిని పరిచి చదివాక, నింపి, ముడేసి, నేల మీద దొర్లించి మళ్ళీ చదువుతుంది. సంతకం ఆ తరువాతే. ఉబ్బిన సంచులు క్లిప్పుకి నిలవవని తీగ తీసేసి అటక వేయించారు.

రెండు నెలల తరువాత ఒక సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది. కాసేపు మోకాళ్ళ నొప్పుల గురించీ, మొగుడి టీవీ గురించీ మాట్లాడింది. పెట్టేసే ముందు అంది:

“ఇవాళ నీ సంచులు ఓ ముప్పై వచ్చాయి అక్కా. దేన్నీ ముట్టుకోలేదు, పోనిచ్చాను.”