పెంచనన్న మాట

జీడిబోడు తండా కొత్తగా పంచాయతీ అయినప్పుడు, తొలి సర్పంచి ఎన్నికలో హాతీరాం నిలబడ్డాడు. అప్పటిదాకా అతను అడవి అంచు నుంచి తల్లాడకు షేర్ ఆటో నడిపేవాడు. దవాఖానాకు పోయే బాలింతలను, సంతకు బస్తాలు మోసుకుపోయే ఆడవాళ్లను విసుక్కోకుండా ఎక్కించుకుంటాడని పేరుంది. రాజకీయం తెలియదు. అదే నీ బలమని స్నేహితులంటే నమ్మాడు.

ఎదురు నిలబడ్డ జైరాం మాటకారి. ప్రచారం మొదలైన రోజే, తాను గెలిస్తే ఇంటి పన్ను పెంచనని మైకులో చెప్పాడు. పెంచుతామని అంతకుముందు ఎవరూ అనలేదు. అయినా తండా సంతోషించింది. మర్నాడు హాతీరాం నల్లా పన్ను కూడా పెంచనన్నాడు. జైరాం అదే మాట కాగితం మీద రాయించి, సంతకం చేసి, ఇంటింటికీ పంచాడు. ఇక హాతీరాంకు తండా కొలిచే సేవాలాల్ గుడి తప్ప మరో దారి కనపడలేదు. గుడి ముందు నెయ్యి, పరమాన్నం వేసి రగిలించిన భోగ్ నిప్పు దగ్గర నిలబడి, జనం చూస్తుండగా చెయ్యి చాపాడు.

"ఇంటి పన్నయినా, నల్లా పన్నయినా పైసా పెంచ. పెంచే కాయితం మీద సంతకం పెట్ట."

ఈలలు మోగాయి. ఆ ఊపులో, తాను అనుకోని మాట కూడా ఒకటి నోరు జారింది.

"పెంచుదామన్నోళ్లతోని ఒక్క చోట కూసోను."

ఈసారి ఈలలు ఇంకా గట్టిగా మోగాయి. ఆ మాటతోనే గెలిచాడని అందరూ అన్నారు. అతనూ అదే అనుకున్నాడు.

పంచాయతీలో తండా ఒక్కటే లేదు. దిగువన రోడ్డు పక్క రైతుల కాలనీ ఉంది. తాతల కాలంలో కృష్ణా వైపు నుంచి వచ్చి భూములు కొన్న కుటుంబాలు, ఇప్పుడు పామాయిల్ తోటలు, రెండంతస్తుల మేడలు. పాత పంచాయతీలో ఎప్పుడో కట్టిన లెక్క ప్రకారం, ఆ మేడలకూ తండాలోని రేకుల ఇళ్లకూ పన్నులో పెద్ద తేడా లేదు. పన్ను పెంచకపోవడమంటే ఆ లెక్కను కూడా అలాగే ఉంచడమని భోగ్ నిప్పు దగ్గర ఎవరికీ తట్టలేదు.

మొదటి ఎండాకాలంలోనే మంచినీళ్ల మోటారు కాలిపోయింది. బాగుచేయిస్తే మళ్లీ కాలింది. చెత్త ట్రాక్టరు డీజిల్ లేక పంచాయతీ ఆఫీసు ముందే ఆగిపోయింది. వీధి దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

వార్డు మెంబర్లలో సువర్ణ అనే అమ్మాయి ఉంది. జైరాం పక్షాన గెలిచింది. డిగ్రీ చదివి తండా పిల్లలకు ట్యూషన్ చెప్పేది. ఆమె ఎవరికీ చెప్పకుండా కాలనీకి పోయి, అక్కడ పెద్దమనిషి వెంకటరామారావుతో మాట్లాడి వచ్చింది. ఆమె చెప్పిన లెక్క ఇది: గుడిసెలకు పన్ను వద్దు. స్లాబు ఇళ్లకు కొంచెం పెంచాలి. మేడలకు బాగా పెంచాలి. వెంకటరామారావు ఒప్పుకున్నాడు.

"మేం ఎక్కువే కడతాం లేమ్మా. కాకపోతే మురిక్కాలవ మా వీధి చివరిదాకా రావాలి. ఆ ముక్క కూడా తీర్మానంలో రాయించు," అన్నాడు.

సువర్ణ ఈ సంగతి ఆటో స్టాండు దగ్గర హాతీరాంకు చెప్పింది.

"మంచిగనే ఉంది," అన్నాడు అతను, ఆలోచించకుండానే. తర్వాత ముఖం మాడ్చుకున్నాడు. "కానీ మీటింగుల అనకు."

"మీటింగుల అనకుంటే ఎట్ల అయితది బాబాయ్?"

"నువ్వు అన్నవనుకో, నేను లేచి పోవాల్సి వస్తది."

అన్నంత పనీ అయింది. మీటింగులో సువర్ణ లేచి పన్ను మాట ఎత్తగానే హాతీరాం కుర్చీ వెనక్కి నెట్టి బయటికి నడిచాడు. అయితే ఇంటికి పోలేదు. వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాడు. లోపలి మాటలన్నీ వినపడుతున్నాయి.

"గుడిసెలు తీసేసినంక ఎంత వస్తదంట?" అని కిటికీలోంచి అడిగాడు.

"లోపలికొచ్చి అడుగు బాబాయ్."

"లోపలికి రాను. జవాబు చెప్పు."

సువర్ణ చెప్పింది. మోటారుకు, డీజిల్‌కు, దీపాలకు సరిపోయేంత ఉంది. మెంబర్లందరూ ఒప్పుకున్నా సర్పంచి సంతకం కావాలి. కాగితం కిటికీలోంచి బయటికి వచ్చింది. అలాగే లోపలికి పోయింది. సంతకం పడలేదు.

మరి నీళ్లెలా అని అంతా తల పట్టుకుంటే, హాతీరాంకే ఒక ఉపాయం తోచింది. పన్ను పెంచనని ప్రమాణం చేశాడు గానీ, చందా అడగనని చేయలేదు. చందా అనగానే అందరి ప్రాణాలూ తేలికపడ్డాయి. ఇంటికింత అని నిర్ణయించారు. చందాకు మేడ, గుడిసె తేడా ఏముంటుంది? కాలనీలో వెంకటరామారావు తన వంతు ఇచ్చేసి, ఇంతేనా అని రెండుసార్లు అడిగి, మంచిదే అనుకున్నాడు. మురిక్కాలవ మాట మళ్లీ ఎత్తలేదు.

మోటారు చందా తర్వాత డీజిల్ చందా వచ్చింది. తర్వాత బల్బుల చందా, దాని వెనకే బోరు చుట్టూ గోడ చందా. వసూలు చేసే పని హాతీరాం భార్య కమ్లి మీద పడింది. సర్పంచి స్వయంగా అడిగితే పన్నులా ఉంటుందని అతని అనుమానం. కాలనీలో కొన్ని ఇళ్ల గేట్లు, కమ్లి కనపడగానే మూసుకోవడం మొదలైంది. చందా కదా, ఇవ్వకపోతే అడిగే హక్కు లేదు. తండాలో మాత్రం ఎవరూ తలుపు వేయలేదు.

తండా చివరి గుడిసెలో పూలి ఒక్కతే ఉంటుంది. మొగుడు పోయాక కోళ్లు పెంచుకుని బతుకుతోంది. కమ్లిని చూడగానే లోపలికి పోయి కోడిపెట్టను కాళ్లు కట్టి తెచ్చింది.

"ఇదెందుకు? ఉన్నప్పుడియ్యి," అంది కమ్లి.

"పన్నయితే ఎగ్గొడుదును కమ్లీ. ఇది చందా గదా. ఇయ్యకుంటే రేపు నల్లా కాడ నలుగుట్ల ఎట్ల నిలబడాలె?"

కమ్లి ఆ కోడిని తీసుకోలేదు. ఇంటికి వచ్చి మొగుడి ముందు సంచి పడేసింది.

"రేపటిసంది నేను పోను. నువ్వు పెట్టుకున్న ఒట్టుకు ఊరంతా నన్ను తిట్టుకుంటుంది."

"మరేం చెయ్యమంటవు?"

"ఒట్టు తీసెయ్యమని అడుగు."

"ఎవర్ని?"

హాతీరాం గుడి పూజారి దగ్గరికి పోయాడు. పూజారి అంతా విని, "దేవునికి నీ ఇంటి పన్నుతోని ఏం పని? మాట ఇచ్చింది జనానికి. వాళ్లనే అడుగు," అన్నాడు.

హాతీరాం గ్రామసభ పెట్టించాడు. చందాలతో విసిగిపోయిన జనం కదా, సంతోషంగా ఒప్పుకుంటారని అతని లెక్క. కాలనీ వాళ్లు కూడా వచ్చారు. హాతీరాం లేచి, చందాల సంగతి చెప్పి, మేడలకూ గుడిసెలకూ ఒకే వంతు పడుతోందని చెప్పి, చివరకు చేతులు జోడించాడు.

"నన్ను ఆ మాట నుంచి ఇడిచిపెట్టుర్రి."

జైరాం లేచాడు. "ఆ మాటకే గదా ఓటేసింది. ఇడిచిపెడితే మేమెవరికి ఓటేసినట్టు?" అన్నాడు. నిన్నటిదాకా కమ్లిని తిట్టుకున్నవాళ్లు కూడా అవ్, అవ్ అన్నారు. ముందు వరుసలో పూలి, "మా హాతీరాం మాట తప్పడు," అని పక్కవాళ్లతో చెప్పింది. సువర్ణ ఏదో అనబోతే కూర్చోమన్నారు.

అప్పుడు వెంకటరామారావు ఎవరినో ఇంటికి పంపి శాలువా తెప్పించాడు. "ఈ రోజుల్లో ఇలాంటి సర్పంచి దొరకడం మన అదృష్టం," అంటూ హాతీరాం భుజాల మీద కప్పాడు. చప్పట్లు మోగాయి. వద్దనడం మర్యాద కాదు కాబట్టి హాతీరాం కప్పించుకున్నాడు. ఇంటికి పోయి, ఆ ఎండలో అరుగు మీద శాలువాతోనే కూర్చున్నాడు. కమ్లి మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టింది.

ఆ పదవీకాలం చందాలతోనే గడిచింది. పదవి ముగిశాక పంచాయతీకి స్పెషలాఫీసరు వచ్చాడు. ఒక ఉదయం వచ్చి, అందరికీ ఒకే తీరుగా పన్ను పెంచి, సంతకం చేసి, భోజనం వేళకు వెళ్లిపోయాడు. ఒక్కరూ కాదనలేదు. ఆఫీసు వాళ్లు పెంచితే ఏం చేస్తాం అనుకుంటూ పోయి కట్టి వచ్చారు. పూలి గుడిసెకు కూడా పెరిగింది.

మళ్లీ ఎన్నికలు వచ్చేసరికి సర్పంచి పదవి మహిళలకు పోయింది. సువర్ణ నిలబడింది. జైరాం తన కోడలు కవితను నిలబెట్టి, పన్ను పెంచనని గుడి ముందు ప్రమాణం చేయించాడు. సువర్ణ మాత్రం గుడిసెలకు తీసేస్తా, మేడలకు పెంచుతా అని ఇంటింటికీ పోయి చెప్పింది. ఆమె గెలవదని అందరికీ తెలుసు. హాతీరాం మాత్రం ఆటో మీద ఆమె బొమ్మ అంటించుకుని వెంట తిరిగాడు.

"పెంచుతదంట గదరా," అని ఎవరన్నా అడిగితే, "అవ్, పెంచుతది. పెంచాలె," అనేవాడు.

జనం నవ్వేవారు. హాతీరాం వెనకున్నాడంటే ఆ పిల్ల పెంచేది లేదని, పైకి అలా అంటోందని వాళ్ల నమ్మకం. అతను ఎంత గట్టిగా చెబితే వాళ్లు అంత గట్టిగా నమ్మారు. సువర్ణ మంచి మెజారిటీతో గెలిచింది.

మొదటి మీటింగులోనే ఆమె తీర్మానం పెట్టింది. కాలనీ వాళ్లు బేరమాడారు. వెంకటరామారావుకు మురిక్కాలవ గుర్తొచ్చింది. రెండు మీటింగులు గొడవపడి, మేడలకు మొదట అడిగిన పెంపులో సగానికి ఒప్పుకున్నారు. అందరికీ కొంచెం కోపం వచ్చింది. ఇక చందాల అవసరం రాలేదు.

ఆ వారం ఆటో స్టాండులో మనుషులు హాతీరాంను చుట్టుకున్నారు. సువర్ణ మోసం చేసిందన్నారు. నీ మొహం చూసి ఓటేశామన్నారు.

"పెంచుతదని మీకు నేనే చెప్పిన గదా," అన్నాడు హాతీరాం.

"నువ్వు చెప్పినవు. నువ్వు అబద్ధం చెప్తున్నవని మేమనుకున్నం," అన్నాడొకడు, తప్పంతా హాతీరాందే అన్నట్టు.