జనాభా లెక్కలో మా ఆవిడ

బ్లాక్‌టౌన్ గ్రంథాలయంలో కిటికీ పక్కన ఒక బల్ల ఉంది. బయటికి తీసుకెళ్లనివ్వని లావుపాటి పుస్తకాలు దాని వెనక అలమారలో ఉంటాయి. అబ్బాయి దగ్గరికి ఈ దేశం వచ్చిన కొత్తలో మా ఆవిడా నేనూ పొద్దున్నే నడుచుకుంటూ అక్కడికి వెళ్లేవాళ్లం. నేను బల్ల దగ్గర కూర్చునేవాణ్ణి. ఆవిడ చంటిపిల్లల విభాగంలో మెత్తటి కుర్చీ చూసుకుని, చీర చెంగు భుజాల చుట్టూ కప్పుకుని, బొమ్మల పుస్తకాలు తిరగేసేది.

నాకు ఐదో తరగతి తర్వాత బడి లేదు. చీరాలలో బస్సు కండక్టరుగా పనిచేసినన్నాళ్లూ ప్రయాణికులు సీట్లలో వదిలేసిపోయిన పత్రికలే నా పాఠాలు. ఇంగ్లీషు మాత్రం అరవై దాటాక, నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చాను. అందుకే ఎవరైనా “పెద్దాయనకి మంచి కాలక్షేపం” అంటే ఒళ్లు మండుతుంది. కాలక్షేపం కావాలంటే పేక ముక్కలు లేవా?

ఆ బల్ల మీద నేను ఎక్కువ కాలం చదివింది ఒకే పుస్తకం. పందొమ్మిదో శతాబ్దం తొలి రోజుల్లో, ఇది ఇంకా ఒక దేశం కాక ముందు, ఇక్కడి తెల్లదొరల సర్కారు తీసిన జనాభా లెక్క. అంతకు ముందు మనుషుల్ని ఒకచోట వరసగా నిలబెట్టి హాజరు వేసుకునేవారట. ఈసారి ఇళ్ల వారీగా రాయించారు. పేరు, వయసు, మతం, చేసే పని. దొరల దేశంలో శిక్ష పడి ఇక్కడికి పంపేస్తే వచ్చారా, తమంతట తాము వచ్చారా. అన్నిటికంటే నన్ను పట్టుకున్న గడి ఇంకొకటి ఉంది. ఏ ఓడలో వచ్చారు? మనిషి మనిషికీ ఎదురుగా ఓడ పేరు. ఇక్కడే పుట్టినవాళ్లకు మాత్రం ఓడ లేదు.

తిరిగి వచ్చేటప్పుడు మా ఆవిడ అడిగేది.

“ఏమండీ, ఇయ్యాల ఓడలోంచి ఎవరు దిగారు?”

“బట్టలుతికే ఆవిడ. ఏడేళ్ల శిక్ష. మొగుడు ఇంకో ఓడలో వచ్చాడు.”

“ఏం దొంగతనం చేసిందంట?”

“అది రాయలేదు.”

“రాస్తే ఏం పోయింది? ఊరికే దొంగ అంటే ఎట్టా? పిల్లలు?”

“ముగ్గురు. ఇక్కడే పుట్టారు. వాళ్లకి ఓడ లేదు.”

“మన బుజ్జిదాని లెక్కన్నమాట” అని మా మనవరాలిని తలచుకుని నవ్వేది. మర్నాటికి ఆ బట్టలుతికే ఆవిడ మా ఇద్దరికీ చుట్టం అయిపోయేది. వాన పడితే “పాపం, ఆమె బట్టలు ఎట్టా ఆరేసుకునేదో” అనేది మా ఆవిడ. ఒక కమ్మరి, ఒక గొర్రెల కాపరి, ఏ పనీ రాయని ఒక ముసలాయన, ఇలా ఎంతమందితో మేం ఆ దారంట నడిచామో! ఇప్పుడు తలుచుకుంటే ఈ దేశంలో మా ఇద్దరికీ మొదట పరిచయమైంది ఆ పోయినవాళ్లే.

ఒకరోజు, భూమి ఉన్న ఆసాముల గడుల గురించి చెబుతున్నాను. ఎన్ని ఎకరాలు, ఎన్ని గుర్రాలు, కొమ్ముల పశువులెన్ని, గొర్రెలెన్ని, అన్నిటికీ విడివిడిగా గడులున్నాయని. మా ఆవిడ రైలు గేటు దగ్గర ఆగిపోయింది.

“మరి ముందునుంచీ ఉన్నోళ్లని? ఈ నేల వాళ్లని. వాళ్లనెక్కడ రాశారు?”

నెలల తరబడి ఆ పుస్తకం మీద పడి ఉన్నాను, ఆ ప్రశ్న నాకు తట్టలేదు. మర్నాడు మళ్లీ మొదటినుంచి వెతికాను. అక్కడ పనిచేసే పెద్దావిడను అడిగాను. ఆవిడ గొంతు తగ్గించి, ఆ లెక్కలో వాళ్లను వేయలేదని చెప్పింది. గొర్రెకు గడి ఉంది. ఎద్దుకు గడి ఉంది. ఆ నేల మీద పుట్టి పెరిగిన మనిషికి గడి లేదు! పైగా ఈ ఊరి పేరే వాళ్ల ఒంటి రంగు మీద పెట్టింది. ఒకప్పుడు వాళ్ల పిల్లల్ని తెచ్చి ఉంచిన బడి ఒకటి ఇక్కడ ఉండేదట. అటు వెళ్లే దారికి తెల్లవాళ్లు పెట్టిన పేరు ఊరికి అంటుకుంది. దారంతా నేను గట్టిగా మాట్లాడుతూనే వచ్చాను.

“ఇక చాలు, చూస్తన్నారు అందరూ” అంది మా ఆవిడ. “మీరు అరిస్తే ఇప్పుడు రాస్తారా?”

ఆ నడకలు మహమ్మారితో ఆగిపోయాయి. రెండో ఏడాది ఈ దేశపు ఎండాకాలం ముగిసే రోజుల్లో, చీరాలలో మా వదినగారు జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. చూసుకునే దిక్కు లేదు. అప్పట్లో దేశం దాటనిచ్చేవాళ్లు కాదు, ప్రత్యేక అనుమతి తెచ్చుకుని మా ఆవిడ వెళ్లింది. నెల తిరక్కుండా విమానాలు బంద్ అన్నారు. గ్రంథాలయమూ మూశారు. నేను పెరట్లో ఆ కొస నుంచి ఈ కొసకు నడుస్తూ ఉండేవాణ్ణి.

మొదట్లో ఫోన్ చేసినప్పుడల్లా ఆవిడ ఇంటి సంగతులన్నీ అడిగేది. కరివేపాకు చెట్టుకి మంచు తగలనిచ్చారా, మనవరాలు అన్నం తింటోందా అని. రానురాను అడగడం తగ్గింది. ఒకరోజు మెల్లిగా అంది:

“ఇక్కడే ఉండిపోతే ఏమవుద్దండీ? అక్కకి తోడు. వీధి అరుగు మీద కూచుంటే నలుగురు పలకరిస్తారు. అక్కడ పగలంతా గోడలేగా. పిల్లదానితో ఒక మాటంటే అది ఇంగ్లీషులో పది మాటలంటది. నాకేం అర్థమవుద్ది?”

నేను విననట్టు వేరే మాట మాట్లాడాను. అబ్బాయికి చెప్పలేదు. చెబితే అది నిజమైపోతుందని భయం.

అలాంటి రోజుల్లో వచ్చింది ఇక్కడి జనాభా లెక్క. సాయంత్రం భోజనాలయ్యాక అబ్బాయి బల్ల మీద లాప్‌టాప్ తెరిచాడు. నా పేరు, వాడి పేరు, కోడలి పేరు, మనవరాలి పేరు కొట్టాడు.

“మీ అమ్మ?” అన్నాను.

“అమ్మ ఇక్కడ లేదు కదా నాన్నా. టునైట్ ఎవరు ఎక్కడ పడుకుంటే వాళ్లని అక్కడే ఎంటర్ చెయ్యాలి. అది రూలు.”

“అయితే అక్కడ రాస్తారా?”

“ఇండియాలో సెన్సస్ పోస్ట్‌పోన్ అయిందిగా. మీరే పేపర్లో చదివి చెప్పారు.”

అప్పుడు వచ్చింది నాకు కోపం. అక్కడ లెక్క లేదు, ఇక్కడ గడి లేదు. రెండు దేశాల మధ్య మా ఆవిడ గాల్లో ఉందా?

“ఒరేయ్, పండగ రద్దీలో ఒంగోలు బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాళ్లు పడేవి. తువ్వాలు పడ్డ సీటు ఆ మనిషిది. టీ తాగడానికి దిగనీ, బీడీ కాల్చుకోనీ, ఆ సీటు వాడిదే. తువ్వాలు పక్కకి నెట్టి కూచున్న ఆసాముల్ని రెక్క పట్టుకుని లేపాను నేను. మీ అమ్మ సామాను ఇక్కడుంది, మంచం ఇక్కడుంది. ఇది ఆవిడ సీటు!”

“గవర్నమెంటుకి తువ్వాలు గురించి ఎట్లా చెప్పను నాన్నా?”

“తాతా, నానమ్మ ఈజ్ నాట్ హియర్. దట్స్ చీటింగ్” అంది మనవరాలు.

“నువ్వుండవే! గొర్రెల్ని రాసుకున్న దేశం ఇది. మీ నానమ్మని రాయదా?”

“గొర్రెలేంటి?” అన్నాడు అబ్బాయి తల పట్టుకుని.

నేను గొర్రెల సంగతి మొదలుపెట్టాను. బడి సంగతి, ఓడల సంగతి కూడా. ఎంతసేపు చెప్పానో తెలియదు. ఇంతలో కోడలు లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని కిందికి జరుపుకుంటూ వెళ్లింది.

“మావయ్యగారూ, ఒక్క నిమిషం అరవకండి. ఇక్కడ క్వశ్చన్ ఉంది. ‘ఈ ఇంట్లోనే ఉంటారు, కానీ ఈ రాత్రికి లేరు, అలాంటివాళ్లు ఎవరైనా ఉన్నారా’ అని అడుగుతున్నాడు.”

నేను కుర్చీ లాక్కుని తెర మీదికి వంగాను. అబ్బాయి నవ్వు ఆపుకోలేకపోయాడు. “నాన్నా, మీ తువ్వాలుకి కాలమ్ ఉంది” అన్నాడు.

“ముందే చూసుంటే నాకు గొంతు నొప్పి తప్పేది కదరా” అని వాడి మీదే విసుక్కున్నాను.

పేరు కొట్టారు. వయసు దగ్గర ఆగారు. కోడలు వీడియో కాల్ చేసింది. అక్కడ ఇంకా మధ్యాహ్నం. మా ఆవిడ నిద్రమొహంతో తెర మీదికి వచ్చింది.

“అత్తయ్యా, జనాభా లెక్కకి మీ వయసు కావాలి.”

“పాస్‌పోర్టులో ఉన్నదే వెయ్యండి. అసలుది వాళ్లకెందుకు?” అని, “నేను ఊళ్లో లేనుగా. నన్నెందుకు రాస్తన్నారు?” అంది.

“ఇంటి మనిషి, ఊరెళ్లింది అని రాశాంలే” అన్నాను.

“అట్టా కూడా రాస్తారా?”

“గడి ఉంది. కోడలు వెతికింది.”

వెనక మా వదినగారు ఎవరే అని అడగడం, “మా ఇంటోళ్లు” అని ఈవిడ చెప్పడం వినిపించింది. తర్వాత ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుంది.

“విమానాలు ఎప్పుడు వదుల్తారో అబ్బాయిని కనుక్కోమనండి. అక్కకి ఒక మనిషిని కుదిర్చి వస్తాను. నా మంచం మీద బట్టల గుట్ట ఎవరేశారు? మీ వెనక కనపడతంది. తీయించండి. ఇన్నాళ్లు మడిచి పెట్టిన దుప్పట్లు ముక్కిపోయి ఉంటాయి, ఎండలో వేయండి.”

“చలికాలమే ఇక్కడ” అన్నాను.

“చలికాలమైనా ఎండ కాస్తదిగా?”

మర్నాడు తెల్లారి మంచు ఇంకా గడ్డి మీద ఉండగానే దుప్పట్లన్నీ పెరట్లో తీగల మీద వేశాను. మధ్యాహ్నం మనవరాలు వచ్చి రెండో కొస పట్టుకుంది. దుప్పటి తిరగేస్తూ, “రేపు కూడానా తాతా?” అంది. తెలుగులోనే.